ఉద్యోగ అనుభవం లేకుండా విదేశంలో ఎంబీఏ: జీమ్యాట్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. ఒక ఇంటర్న్‌షిప్, చదువుకుంటూనే ఇద్దరు ముగ్గురు క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసిచ్చిన పని తప్ప ఉద్యోగం చేయలేదు. విదేశంలో మంచి బిజినెస్ స్కూల్లో ఎంబీఏ చేయాలని ఉంది. బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో గట్టి స్కోరు తెచ్చుకుంటే అనుభవం లేని లోటు తీరుతుందా, లేక ముందు రెండేళ్లు ఉద్యోగం చేసి రావాలా అన్నది మీ సందేహం. ఆ రెండేళ్లు వృథా అని కూడా అన్నారు.

తీరదు. పెద్ద స్కూళ్ల విషయంలో ఇందులో రెండో మాట లేదు. కానీ మీరు ఖాళీగా కూర్చోవాల్సిన పనీ లేదు. అనుభవం లేనివాళ్ల కోసమే పెట్టిన మాస్టర్స్ కోర్సులు వేరే ఉన్నాయి. అవి కాక, చదువు పూర్తి కాకముందే ఎంబీఏ సీటు ఖాయం చేసుకుని, కొన్నేళ్లు పనిచేసి వచ్చి చేరే దారి కూడా ఒకటుంది. ఆ దారి చివరి సంవత్సరం విద్యార్థులకే. చదువు పూర్తయ్యాక మూసేస్తారు. మీరు సరిగ్గా ఆ గడువు లోపల ఉన్నారు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. చాలా ఏళ్లుగా ఇలాంటి అప్లికేషన్లు చదువుతున్నాను, అభ్యర్థులకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఈ దారి ఉందని తెలిసేసరికే చాలామందికి గడువు దాటిపోయి ఉంటుంది.

అసలు ఎంబీఏకి అనుభవం ఎందుకు అడుగుతారో ముందు చూద్దాం. కారణం చాలావరకు క్లాసులోనే ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. 1920ల నాటికి అక్కడ కేస్ పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు చాలా స్కూళ్లు ఎంతో కొంత అదే పద్ధతిలో చెబుతాయి. ఒక కంపెనీకి వచ్చిన చిక్కును ముందు పెట్టి, ఆ స్థానంలో మీరుంటే ఏం చేస్తారని అడుగుతారు. అప్పుడు ఫ్యాక్టరీలో సమ్మె చూసినవాళ్లు మాట్లాడతారు, టీమ్‌లో ఒకరిని తీసేయాల్సి వచ్చినవాళ్లు మాట్లాడతారు, రావాల్సిన డబ్బు కోసం క్లయింట్ వెంట నెలల తరబడి తిరిగినవాళ్లు మాట్లాడతారు. పాఠంలో సగం వాళ్ల నోటి నుంచే వస్తుంది. ఆ గదిలో మీరుంటే పక్కవాళ్లు మీ దగ్గర ఏం నేర్చుకుంటారన్నది అడ్మిషన్స్ కమిటీ వేసుకునే ప్రశ్న. దీనికి జీమ్యాట్ స్కోరులో జవాబు దొరకదు.

ఇంకో కారణం ఉద్యోగాలు. అమెరికాలోని పెద్ద స్కూళ్లలో క్లాసు సగటు అనుభవం 5 ఏళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ఎంబీఏ వాళ్లకిచ్చే ఉద్యోగాలు కూడా ఆ అనుభవాన్ని లెక్కలో పెట్టుకుని తయారైనవే. చేతిలో ఎంబీఏ ఉన్నా, అంతకుముందు ఏం చేశారన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే రిక్రూటర్ మిమ్మల్ని ఫ్రెషర్‌గానే చూస్తాడు. జీతం కూడా ఆ లెక్కనే వస్తుంది. ఇక యూరప్‌లో చాలా స్కూళ్లకు ఏఎంబీఏ అనే సంస్థ గుర్తింపు ఉంటుంది. ఆ గుర్తింపు ఉన్న ఎంబీఏలో చేరాలంటే సాధారణంగా కనీసం 3 ఏళ్ల అనుభవం ఉండాలన్నది నిబంధన. అలాంటి చోటికి ఎంత బాగా రాసిన మెయిల్ పంపినా ప్రయోజనం ఉండదు.

ఇప్పుడు ఆ రెండో దారి సంగతి. దీన్ని డిఫర్డ్ అడ్మిషన్ అంటారు. అందరికీ తెలిసింది హార్వర్డ్ వాళ్ల 2+2. చివరి సంవత్సరంలో అప్లై చేస్తారు. సీటు వస్తే కనీసం 2 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 4 ఏళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాత రెండేళ్ల ఎంబీఏలో చేరతారు. వార్టన్‌లో దీని పేరు మోలిస్ అడ్వాన్స్ యాక్సెస్, షికాగో బూత్‌లో షికాగో బూత్ స్కాలర్స్. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, ఎంఐటీ స్లోన్, కెలాగ్, బర్కిలీ హాస్, వర్జీనియా డార్డెన్ స్కూళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. యేల్ వాళ్ల సిల్వర్ స్కాలర్స్ కొంచెం వేరు. డిగ్రీ అవగానే నేరుగా వెళ్లి మొదటి ఏడాది చదువుతారు, తర్వాత బయట పూర్తికాలం పనిచేస్తారు, మళ్లీ వచ్చి కోర్సు ముగిస్తారు. అనుభవం లేకుండా నేరుగా ఒక పెద్ద ఎంబీఏ క్లాసులో కూర్చునే అవకాశాలు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

వీటి గడువులు ఎక్కువగా ఏప్రిల్ ప్రాంతంలో ఉంటాయి. అంటే మామూలు ఎంబీఏ గడువులన్నీ దాదాపు అయిపోయాక. డిగ్రీ అయిన వెంటనే, మధ్యలో ఉద్యోగం చేయకుండా మాస్టర్స్‌లో చేరినవాళ్లు కూడా ఆ మాస్టర్స్ చివరి ఏడాదిలో వీటిలో చాలావాటికి అప్లై చేయొచ్చు. ఇది చాలామందికి తెలియదు. ఒకసారి పూర్తికాలపు ఉద్యోగంలో చేరాక మాత్రం మీరు మామూలు అభ్యర్థుల లైన్‌లోకి వెళ్లిపోతారు.

పోటీ మాటేమిటి అంటారా? తీవ్రంగా ఉంటుంది, దాచడం ఎందుకు. అయితే ఓడిపోతే పోయేది ఫీజు, కొన్ని వారాల కష్టం. తర్వాత అనుభవంతో మళ్లీ అప్లై చేసుకోవచ్చు, పాత తిరస్కరణ అడ్డు రాదు. హార్వర్డ్ 2+2 విషయంలో ఒక మాట గుర్తుంచుకోండి. కన్సల్టింగ్, ఫైనాన్స్ దారుల్లో ఉన్నవాళ్లు మామూలుగానే ఎంబీఏకి వస్తారు కదా. అందుకని టెక్నాలజీ, తయారీ రంగాల కంపెనీలకు వెళ్లేవాళ్లు, సొంతంగా ఏదైనా పెట్టాలనుకునేవాళ్లు, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లు ఇటు రావాలని ఆ స్కూలే చెబుతుంది. మీ డిగ్రీ పేరు బిజినెస్‌కి సంబంధం లేనిదని వెనకడుగు వేయకండి. ఇక్కడ అది మేలే చేయొచ్చు.

డిఫర్డ్ సీటు కుదరకపోయినా, ఉద్యోగానికి ముందే చదవాలన్న పట్టుదల ఉన్నా, మీకు సరిపోయేది మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్. అందరూ మిమ్ అంటారు. అకౌంట్స్, మార్కెటింగ్, స్ట్రాటజీ, ఆపరేషన్స్ అన్నీ ఉంటాయి, కానీ అనుభవం లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతారు. యూరప్‌లో దీనికి విలువ ఎక్కువ. హెచ్ఈసీ పారిస్, ఎసెక్, ఈఎస్‌సీపీ, లండన్ బిజినెస్ స్కూల్, స్విట్జర్లండ్‌లోని సెంట్ గాలెన్ పేరున్న చోట్లు. సెంట్ గాలెన్ కోర్సు ఫైనాన్షియల్ టైమ్స్ మిమ్ ర్యాంకింగ్‌లో చాలా ఏళ్లు మొదటి స్థానంలో నిలిచింది. ఇన్సియాడ్ కూడా 2020లో మిమ్ మొదలుపెట్టింది. 1988లో పుట్టిన సెమ్స్ అనే కూటమిలో వివిధ దేశాల స్కూళ్లున్నాయి. అందులో సభ్యత్వమున్న స్కూల్లో చేరితే ఒక టర్మ్ వేరే దేశంలో చదివి రెండో పట్టా కూడా తెచ్చుకోవచ్చు.

ఖర్చు భయం ఉంటే జర్మనీ వైపు చూడండి. మన్‌హైమ్ విశ్వవిద్యాలయం ప్రభుత్వానిది, అక్కడి మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి మంచి పేరుంది. అది ఉన్న రాష్ట్రంలో ఈయూ బయటి విద్యార్థులకు ఫీజు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ప్రైవేటు స్కూళ్లతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కాకపోతే డిగ్రీలో బిజినెస్ సబ్జెక్టులకు తగినన్ని క్రెడిట్లు ఉన్నాయా అని చూస్తారు. ఇంజనీరింగ్ వాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. అమెరికాలో దీనికి తలకిందులుగా ఉండే కోర్సులున్నాయి. డ్యూక్ వాళ్ల పది నెలల మేనేజ్‌మెంట్ మాస్టర్స్ లాంటివి బిజినెస్ చదవనివాళ్లను ఉద్దేశించినవి. బీబీఏ, బీకాం చేసినవాళ్లు అలాంటి దాంట్లో చేరితే చదివిందే మళ్లీ చదువుతారు. అందుకే స్కూలు ర్యాంకు కన్నా ముందు అర్హతల పేజీ మొత్తం చదవండి.

యూరప్ గురించి బ్రోషర్లు గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. కోర్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఉద్యోగం ఉండకపోవచ్చు. ప్యారిస్‌లో ఫ్రెంచ్, జర్మనీలో జర్మన్ రాకపోతే అప్లై చేయగలిగిన ఉద్యోగాలు సగానికి సగం తగ్గిపోతాయన్నది నేను చూసినవాళ్ల అనుభవం. సీటు ఖాయమైన రోజే భాష మొదలుపెట్టినవాళ్లకూ, అక్కడికి వెళ్లాక చూద్దాంలే అనుకున్నవాళ్లకూ తేడా ప్లేస్‌మెంట్స్ సమయంలో కనిపిస్తుంది.

మీకు ఒక రంగం మీద స్పష్టత ఉంటే మిమ్ కూడా అక్కర్లేదు. ఫైనాన్స్, బిజినెస్ అనలిటిక్స్, సప్లై చెయిన్‌లలో విడిగా మాస్టర్స్ ఉన్నాయి. లెక్కలు బలంగా ఉన్నవాళ్లకు అవే మేలు, రిక్రూటర్‌కి కూడా మీకేం వచ్చో ఒక్క చూపులో తెలుస్తుంది. ‘ఇంకా తేల్చుకోలేదు’ అనేవాళ్లకే మిమ్ ఎక్కువగా ఉపయోగం.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే దీన్ని ఆలస్యంగా తెలుసుకుని తలపట్టుకున్నవాళ్లను చూశాను. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివాక పనిచేయడానికి ఓపీటీ కింద 12 నెలలు దొరుకుతాయి. అది ఒక్కో డిగ్రీ స్థాయికి ఒక్కసారే. మేనేజ్‌మెంట్ మాస్టర్స్, ఎంబీఏ రెండూ మాస్టర్స్ స్థాయి కిందికే వస్తాయి. ఇప్పుడు అమెరికాలో మాస్టర్స్ చేసి ఓపీటీ మొత్తం వాడేసుకుంటే, ఐదేళ్ల తర్వాత అక్కడే ఎంబీఏ చేసినప్పుడు కొత్తగా ఓపీటీ రాదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సులకు వచ్చే అదనపు 24 నెలలు రెండోసారి కావాలన్నా, రెండో డిగ్రీ మొదటి దానికన్నా పై స్థాయిదై ఉండాలి. కాబట్టి ఎప్పటికైనా అమెరికాలోనే పెద్ద ఎంబీఏ చేయాలన్నది మీ కల అయితే, ఇప్పటి మాస్టర్స్ ఇంకో దేశంలో చేయడం తెలివైన పని. కెనడాలో కనీసం 8 నెలల మాస్టర్స్ చేసినవాళ్లకు, మిగతా అర్హతలుంటే, 3 ఏళ్ల వర్క్ పర్మిట్ వచ్చేలా 2024లో నిబంధన మార్చారు. జర్మనీలో డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. బ్రిటన్‌లో చదువయ్యాక ఉండి పనిచేసుకోవడానికిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా రెండేళ్లు ఉండేది, 2027 జనవరి 1 నుంచి చేసే దరఖాస్తులకు దాన్ని 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఇవన్నీ ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారే విషయాలు. ఫీజు కట్టే ముందు ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోండి, కన్సల్టెంట్ మాట మీద ఉండిపోవద్దు.

కన్సల్టెంట్ల మాట వచ్చింది కాబట్టి, ‘అనుభవం అక్కర్లేదు, జీమ్యాట్ కూడా అక్కర్లేదు, ఎంబీఏలో చేర్పిస్తాం’ అనే ప్రకటనల గురించి కూడా చెప్పాలి. అలా చేర్చుకునే స్కూళ్లు ఉన్నాయి, అబద్ధమేమీ కాదు. కొన్ని ఏజెన్సీలకు చేర్పించిన ఒక్కో విద్యార్థికి ఇంత అని స్కూలే కమిషన్ ఇస్తుంది. అందుకే వాళ్ల జాబితాలో అవే పేర్లు పైన ఉంటాయి. అలాంటి స్కూలు మీ ముందుకొస్తే ప్లేస్‌మెంట్ రిపోర్టు అడిగి తీసుకోండి. సగటు జీతం అంకె దగ్గర ఆగిపోకండి, అది మాయ చేస్తుంది. క్లాసులో ఎంతమంది తమ వివరాలు ఇచ్చారు, కోర్సు అయిన 3 నెలలకు ఎంతమందికి ఉద్యోగం ఉంది, అందులో విదేశీ విద్యార్థులు ఎంతమంది అన్న మూడూ చూడండి. వంద మందిలో ముప్ఫై మంది చెప్పిన జీతాల సగటు ఎంత బాగున్నా దానితో మీకేం పని? రిపోర్టే లేదంటే అదే జవాబు అనుకోండి.

ఇంకో నష్టం కూడా ఉంది. ఒక చిన్న ఎంబీఏ ఇప్పుడే చేసేస్తే, రేపు మంచి అనుభవం వచ్చాక పెద్ద స్కూలుకు వెళ్దామన్నా ఇబ్బంది. కొన్ని స్కూళ్లు ఇప్పటికే ఎంబీఏ ఉన్నవాళ్లను తీసుకోవు. తీసుకునేవి కూడా రెండోది ఎందుకని గుచ్చి గుచ్చి అడుగుతాయి. మిమ్ చేసినవాళ్లకు ఈ బాధ చాలావరకు లేదు. తొందరపడి ఎంబీఏ అన్న పేరును ఇప్పుడే ఖర్చు పెట్టేయవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పరీక్ష సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏ దారిలో వెళ్లినా జీమ్యాట్ గానీ జీఆర్ఈ గానీ ఇప్పుడే రాసేయండి, చదివే అలవాటు ఉండగానే. రెండు స్కోర్లూ 5 ఏళ్లు చెల్లుతాయి. ఇప్పటి జీమ్యాట్‌లో క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు. స్కోరు 205 నుంచి 805 వరకు. పాత పుస్తకాలు చూసి జామెట్రీ, సెంటెన్స్ కరెక్షన్ మీద టైమ్ పెట్టకండి, అవి తీసేశారు. కొత్త స్కేల్‌లో 645 అంటే సుమారుగా పాత 700కి సమానం. కాబట్టి సీనియర్లు చెప్పే అంకెలతో పోల్చుకుని టెన్షన్ పడవద్దు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు మాత్రం 2 ఏళ్లే చెల్లుతాయి, వాటిని అప్లికేషన్ సంవత్సరంలోనే రాయండి.

స్కోరు కన్నా నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేది ఎస్సేల గురించి. అనుభవం లేనివాళ్లు ఇక్కడ చేసే పని ఒకటే. పదవులన్నీ ఏకరువు పెడతారు. ఫలానా క్లబ్ అధ్యక్షుడు, ఫలానా ఫెస్ట్ కన్వీనర్, ఫలానా పోటీలో మూడో బహుమతి, ఇలా చాంతాడంత లిస్టు. చదివేవాళ్లకు కావాల్సింది అందులో ఉండదు. మీ చేతుల్లో ఒక నిర్ణయం ఉండి, దానివల్ల ఎవరో ఒకరికి కష్టమో కోపమో వచ్చి, అయినా మీరు ఒక వైపు నిలబడిన సందర్భం కావాలి. ఉద్యోగం చేసినవాళ్లకు అలాంటివి వాటంతటవే దొరుకుతాయి. మీరు వెతుక్కోవాలి, అంతే తేడా.

నాకు బాగా గుర్తున్న ఎస్సే ఒక విద్యార్థి సంఘం కోశాధికారిది. ఆ అమ్మాయి బాధ్యత తీసుకునేసరికి అంతకుముందు ఏడాది బిల్లులకూ ఖర్చులకూ పొంతన లేదు. డబ్బు చిన్నదే. ఎవరి మీదా నేరం మోపకుండా, ఇకమీద ప్రతి నెలా లెక్క అందరికీ కనిపించేలా పెడతానని ప్రకటించింది. ఇద్దరు దగ్గరి స్నేహితులు అనుమానిస్తున్నావా అని అలిగి కమిటీ వదిలి వెళ్లిపోయారు. తర్వాతి ఏడాది కొత్త కమిటీ ఆ పద్ధతినే కొనసాగించింది. కథంతా ఇంతే. కానీ ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరిగింది: ఆ ఇద్దరితో ముందే విడిగా మాట్లాడి ఉంటే బాగుండేదేమో కదా అని అడిగారు. అవునని ఒప్పుకుని, ఎలా మాట్లాడి ఉండేదో చెప్పింది. పేరు పెద్దగా లేని కాలేజీ, మామూలు ఇంటర్న్‌షిప్, అయినా సీటొచ్చింది. వేల మంది వచ్చిన ఫెస్ట్ నడిపానని రాసిన చాలామందికి రాలేదు. ఫెస్ట్ తప్పని కాదు, అందులో వాళ్లు తీసుకున్న నిర్ణయం ఏమిటో ఎస్సే అయిపోయినా నాకు తెలియలేదు.

‘ఎంబీఏ ఎందుకు, ఇప్పుడే ఎందుకు’ అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. ‘గ్లోబల్ లీడర్ కావాలి’ అని రాస్తే చదివేవాళ్లు తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. డిఫర్డ్ అప్లికేషన్‌లో అయితే మధ్యలోని ఆ రెండు నుంచి నాలుగేళ్లు ఎక్కడ, ఏ పని, ఏం నేర్చుకోవడానికి అన్నది రాయండి. మారొచ్చు, మారితే ఎవరూ కేసు పెట్టరు. కానీ ఈరోజుకి మీకొక ఆలోచన ఉందని కనిపించాలి.

రికమెండేషన్ లెటర్లలో పెద్ద హోదా కోసం వెంపర్లాడకండి. మీ పేరు రెజ్యూమె చూసి గుర్తుచేసుకునే డీన్ కన్నా, ప్రాజెక్టులో మీతో వాదించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు. రెండు లెటర్లు అడిగితే ఒకటి ఇంటర్న్‌షిప్‌లో మీ పని చూసిన మేనేజర్‌ది ఉండేలా చూసుకోండి. ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను’ అనే పెద్దలు ఉంటారు. వద్దని మర్యాదగా చెప్పి, వాళ్ల దగ్గర మీరు చేసిన పనులు, తేదీలు, అప్పుడు జరిగినవి ఒక పేజీలో రాసివ్వండి. ఎస్సే, లెటర్ రెండూ ఒకే చేతి రాతని అవి రోజూ చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. గడువుకు కనీసం ఆరు వారాల ముందు అడగండి, చివరి వారంలో అడిగితే వచ్చేది రెండు పేరాల పొగడ్త మాత్రమే.

ఇక రెండేళ్లు ఉద్యోగం చేయడం వృథా అన్న మీ మాట. నాకైతే అలా అనిపించదు. అయితే ఏ ఉద్యోగమన్నది ముఖ్యం. పెద్ద కంపెనీ పేరు కోసం ఏ బాధ్యతా లేని మూలన కూర్చోవడం కన్నా, చిన్న కంపెనీలో ఒక పని మొదటి నుంచి చివరి దాకా మీ నెత్తిన ఉండటం ఎంబీఏ అప్లికేషన్‌కి ఎక్కువ పనికొస్తుంది. నేను మీ స్థానంలో ఉంటే ఈ ఏడాది మూడు డిఫర్డ్ అప్లికేషన్లు పెడతాను, రెండు మిమ్‌లకు అప్లై చేస్తాను, చేతికొచ్చిన ఉద్యోగ ఆఫర్‌ను మాత్రం వదులుకోను. మిమ్ సీటొచ్చినా స్కాలర్‌షిప్ లేకుండా పూర్తిగా అప్పు మీద వెళ్లాల్సి వస్తే, ఉద్యోగం వైపే మొగ్గుతాను.

చివర్లో వెబ్‌సైట్ల పనిని అనుభవం కింద చూపించొచ్చా అని అడిగారు. చూపించండి, కానీ సరైన గడిలో. డిగ్రీ తర్వాత పూర్తికాలం చేసిన నెలలు ఎన్ని అని అడిగే చోట సున్నా వేయండి. ఇంటర్న్‌షిప్‌లనూ పార్ట్‌టైమ్ పనినీ అందులో కలపకూడదు. పార్ట్‌టైమ్ పనులకు విడిగా చోటుంటుంది. వారానికి ఎన్ని గంటలు అని అడిగితే నిజమైన అంకె వేయండి, పది గంటలైతే పదే. సీటొచ్చాక బయటి సంస్థల చేత వివరాలు తనిఖీ చేయించే స్కూళ్లు చాలా ఉన్నాయి, తేడా వస్తే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు. ఆ క్లయింట్లలో ఎవరైనా పని సగంలో ఉండగా మాట మార్చి ఉంటే, డబ్బు ఆపి ఉంటే, అప్పుడు మీరేం చేశారో ముందు ఒక కాగితం మీద రాసుకుని చూడండి. మీ ఎస్సే అందులోంచే రావచ్చు.